రెండు కెమెరాలు, ఒక పదవీ విరమణ

కెమెరా కొనబోయే యువకులు నన్ను ఇప్పటికీ అడుగుతూ ఉంటారు: మిర్రర్‌లెస్ మంచిదా, పెద్ద సెన్సారు ఉన్న కాంపాక్టు మంచిదా అని. మెదక్‌లోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఫోటోగ్రాఫరుగా ఉద్యోగమంతా వెళ్లదీసినవాణ్ని గనుక నా దగ్గర సమాధానం సిద్ధంగా ఉంటుందని వారి నమ్మకం. సమాధానం ఉన్నమాట నిజమే. కానీ అది నాకు ఎలా చిక్కిందో చెప్పకుండా ఇస్తే మీరు నన్ను నిపుణుడని పొరబడే ప్రమాదం ఉంది. అందుకని జరిగినది జరిగినట్టు రాస్తున్నాను.

నా సర్వీసు చివరి దశలో కార్యాలయపు పాత డిజిటల్ ఎస్సెల్లార్ కెమెరా షట్టరు పని చేయడం మానేసింది. కొత్తగా వచ్చిన మా అధికారి వయసులో నాకంటే చాలా చిన్నవాడు, మర్యాదస్తుడు. "సార్, ఒక్క కెమెరా కొననీకి వీలుంది. ఏది కొనాల్నో మీరే తేల్చి రిపోర్టు ఇయ్యుండ్రి" అన్నాడు. హైదరాబాదు డీలరు ఒకరు పరీక్షించుకొమ్మని రెండు కెమెరాలు పంపించాడు.

మొదటిది మిర్రర్‌లెస్. పాత ఎస్సెల్లార్లలో లెన్సు వెనక ఉండే అద్దం ఇందులో ఉండదు. అవసరాన్ని బట్టి లెన్సు ఊడదీసి వేరొకటి బిగించుకోవచ్చు. దానితో పాటు దగ్గరి దృశ్యాలకు ఒక జూమ్ లెన్సు, దూరపు దృశ్యాలకు మరొకటి వచ్చాయి. రెండవది కాంపాక్టు. దీని లెన్సు ఊడదు, మారదు. చొక్కా జేబులో పడుతుంది. అయినా మామూలు చిన్న కెమెరాల కంటే దీని సెన్సారు చాలా పెద్దది. వెలుగును పట్టేది సెన్సారే గనుక అది పెద్దదైన కొద్దీ మసక వెలుతురులో బొమ్మ శుభ్రంగా వస్తుంది.

కాంపాక్టు మీద నాకు మొదటి రోజే చిన్నచూపు ఏర్పడింది. వ్యాపారులు దాని సెన్సారును 'ఒక అంగుళం సెన్సారు' అంటారు. కొలతలు చూస్తే పొడవు 13.2 మిల్లీమీటర్లు, వెడల్పు 8.8. కర్ణం గట్టినా పదహారు దాటదు. అంగుళం అంటే 25.4 మిల్లీమీటర్లు. ఈ లెక్కలో అంగుళం ఎక్కడుందో చూపించమని డీలరుకు ఫోన్ చేశాను.

"అది పేరు మాత్రమే సార్" అన్నాడతను.

"పేరు పెట్టేముందు ఎవలన్న స్కేలు పెట్టి చూసిండ్రా?"

అతడు లైను కట్ చేశాడు. మిర్రర్‌లెస్ సెన్సారు 23.5కి 15.6. విస్తీర్ణంలో మూడు రెట్లకు పైన. నా మటుకు పోటీ అక్కడే ముగిసింది. మిగతా పరీక్షలన్నీ ముందే రాసిపెట్టుకున్న తీర్పుకు సాక్ష్యాలు కూర్చడానికే అని ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకు అభ్యంతరం లేదు.

పరీక్షలు మాత్రం నిష్ఠగా చేశాను. కంపెనీ చెప్పిన బరువును నమ్మడం ఇష్టం లేక రెండింటినీ కూరగాయల మార్కెట్టుకు తీసుకుపోయి ఒక అమ్మ కాంటా మీద పెట్టించాను.

"గిది కిలో ఎంత సారూ?" అని అడిగిందామె.

"అమ్మేది కాదమ్మా. బరువు చూసుకుంటున్న."

"గట్లయితే కాంటా కిరాయి ఇయ్యుండ్రి. లేకుంటే టమాటలు కొనుండ్రి."

టమాటలు కొన్నాను. కంపెనీ చెప్పిన బరువు సరిగ్గానే ఉంది.

తర్వాత కార్యాలయపు మిద్దె మీద కెమెరా నిలబెట్టే ముక్కాలి స్టాండు వేసి, రెండు కెమెరాలతో ఊళ్లోని పెద్ద చర్చి శిఖరాన్ని తీశాను. ఉదయం, మిట్టమధ్యాహ్నం, సాయంత్రం తీశాను. కంప్యూటరులో పెద్దవి చేసి రాళ్ల అంచులు పోల్చాను. మా సీనియర్ అసిస్టెంటు మేడం కాగితాల కట్టతో అటుగా పోతూ ఆగింది. కార్యాలయంలో నా వెనక అందరూ అనుకునే మాటను నా ముఖం మీద అనగలిగింది ఆమె ఒక్కతే.

"సారూ, చర్చి ఏడికి పోతలేదు గదా. జర నడిచే మనిషిని తీసి చూడరాదుండ్రి?"

"నడిచే మనిషి ప్రతిసారి ఒక్క తీరుగ నడువడు మేడం. పోలికకు పనికిరాడు."

"మనం తీసేదంత నడిచే మనుషులనే గదా?"

నేను కెమెరా వైపు తిరిగాను. శిఖరం మీద వెలుగు మారిపోతున్నది మరి.

అదే వారంలో మా డ్రైవరు నా బల్ల దగ్గరికి వచ్చాడు. పట్టణంలోని పాత ముస్లిం కుటుంబం ఆయనది. తండ్రి టైలరు. ఆయన మాత్రం మా కార్యాలయపు జీపుతోనే వయసంతా గడిపాడు. నన్ను ఫోటో సార్ అనేవాడు, నేను భాయ్ అనేవాణ్ని.

"ఫోటో సార్, ఈ నెలాఖరుకు నా నౌకరీ ఖతం."

"ఎరికే భాయ్. హాల్ల మంచిగ తీస్త, ఫికర్ చెయ్యకుండ్రి."

"హాల్ల తియ్యుండ్రి, వద్దంటలేను. కని నాకు ఇంకోటి కావాలె. ఇంటికాడ దింపుతరు గదా, వెనక సీట్ల కెల్లి నేను దిగుతుంటె తియ్యాలె. గా ఒక్కటి సాలు."

ఆ కోరిక అర్థం కావాలంటే మా ఆనవాయితీ తెలియాలి. ఉద్యోగి ఏ నెలలో ఏ తేదీన పుట్టినా ప్రభుత్వం అతణ్ని నెల చివరి రోజునే విరమింపజేస్తుంది. ఆ క్రమబద్ధత నాకు ఎంతో ఇష్టం. ఆ సాయంత్రం హాల్లో సభ, శాలువా, పూలదండ, ప్రసంగాలు. ఆ తర్వాత అధికారి జీపులో, అధికారి కూర్చునే వెనక సీట్లో, విరమించిన వ్యక్తిని కూర్చోబెట్టి ఇంటి దాకా దింపిరావాలి. సిబ్బంది అందరూ ఆటోల్లో, బైకుల మీద వెంట పోతారు. గుమ్మం ముందు జీపు ఆగగానే డ్రైవరు దిగి తలుపు తీస్తాడు, పెద్దమనిషి దండతో దిగుతాడు, ఇంటివాళ్లు ఎదురొస్తారు. ఆ క్షణాన్ని ప్రతిసారీ నేను ఫోటో తీశాను. ప్రతిసారీ తలుపు తీసింది భాయే.

"ఇంతమందిని దింపిన సార్. మీరు తీసిన ఫోటోలల్ల నేను ఒక్కదాంట్ల గూడ లేను. మా ఇంటామె అడుగుతది, అందరున్నరు, నువ్వేడున్నవ్, నిజంగ ఆఫీసుకే పోతున్నవా అని."

"ఎట్ల లేరు? ఎతికి చూపిస్త" అన్నాను. ఆధారం లేని ఆరోపణను ఊరికే వదిలే అలవాటు నాకు లేదు. కంప్యూటరులో ఉన్న పాత ఫోటోలన్నీ తిరగేశాను. రెండు రోజుల తర్వాత ఆయనను పిలిచి విజయగర్వంతో తెర చూపించాను. ఒకదానిలో తెరిచిన తలుపు అంచున ఒక మోచెయ్యి ఉంది.

"ఇగో, ఇది మీదే."

ఆయన వంగి చూశాడు. "నాదే. మోచెయ్యికి దండ ఏస్తరా సార్?"

వెనక నుంచి మేడం నవ్వు వినబడింది. నేను తెర ఆపేశాను. ఆ ఫోటో తీసి తీరుతానని మాట ఇచ్చాను.

మాట ఇచ్చాక ఊరుకుంటే బాగుండేది. ఆ కార్యక్రమాన్నే రెండు కెమెరాల తుది పరీక్షగా చేయాలని నిర్ణయించుకున్నాను. ప్రధానంగా మిర్రర్‌లెస్, పోలిక కోసం తీరిక దొరికినప్పుడు కాంపాక్టు. పరీక్షకు ఆటంకం కలగకూడదని సభ మొదలయ్యే ముందు మైకు అందుకొని ఒక ప్రకటన కూడా చేశాను. దయచేసి ఎవరూ మొబైల్ ఫోన్లతో ఫోటోలు తీయరాదు, ఎత్తిన చేతులు అడ్డం వస్తాయి, కార్యాలయపు ఫోటోగ్రాఫరు తగిన ఏర్పాట్లు చేసి ఉన్నాడు. అందరూ ఫోన్లు జేబుల్లో పెట్టుకున్నారు. వేదిక మీద ఉన్న భాయ్ కూడా చెయ్యెత్తి చెప్పాడు: "ఫోటో సార్ తీస్తుండు. ఎవలు తియ్యకుండ్రి. మా గల్లీల గూడ చెప్పిన."

ప్రసంగాలకు చప్పుడు అడ్డం కారాదని మిర్రర్‌లెస్‌లో నిశ్శబ్ద షట్టరు పెట్టాను. చల్లే పూలరేకులు గాలిలో నిలిచినట్టు రావాలని వేగం పెంచాను. ప్రతి ఫోటో తర్వాత తెర మీద అంకెలు చూసుకున్నాను: వేగం సరి, వెలుగు సరి, ఫోకసు సరి. శాలువా కప్పడం, దండ వేయడం, భాయ్ మైకు ముందు అందరికీ సలాం చేయడం, అన్నీ తీశాను. సభ అయ్యాక మేడం నా భుజం మీదుగా తొంగి చూసింది.

"గీ నల్ల గీతలేంది సారూ? భాయ్ మొకానికి పరదా కట్టినట్టుంది?"

అప్పుడు మొదటిసారి అంకెలు వదిలి బొమ్మ చూశాను. ప్రతి ఫోటోలో అడ్డంగా నల్లటి పట్టీలు.

హాల్లో కొత్తగా ఎల్‌ఈడీ దీపాలు బిగించారు. అవి కంటికి తెలియనంత వేగంగా ఆరుతూ వెలుగుతూ ఉంటాయి. నిశ్శబ్ద షట్టరు సెన్సారును ఒకేసారి చదవదు, పైనుంచి కిందికి వరసవరసగా చదువుతుంది. దీపం ఆరిన క్షణంలో చదివిన వరసలు నల్లబడతాయి. ఇది నాకు తెలియని సంగతి కాదు. కొత్తగా వచ్చే ఫోటోగ్రాఫర్లకు దీని మీద నేను పాఠం చెప్పి ఉన్నాను, బల్లను చేత్తో చరుస్తూ.

"మరి గా చిన్నదాంట్ల తీసినయి?"

"పోలిక ఫోటోలు తర్వాత తీద్దామని జేబుల్నే ఉంచిన."

"మొబైల్ ఫోటోలు?"

నేను మైకు వైపు చూశాను. మేడం ఆ ప్రశ్నను పొడిగించలేదు. అది ఆమె దయ.

భాయ్ దండతో మెట్లు దిగుతూ అడిగాడు. "మంచిగ వచ్చినయా సార్?"

"వచ్చినయి" అన్నాను. ఆ మాటకు నా దగ్గర ఆధారమేదీ లేదు.

ఇక మిగిలింది గుమ్మం దగ్గరి ఫోటో ఒక్కటే. రెండు లెన్సులకు రెండు చేతులూ కావాలి గనుక కాంపాక్టును మేడం చేతిలో పెట్టాను. ఆమె దాన్ని తాళంచెవుల మధ్య, హ్యాండ్‌బ్యాగులో పడేసింది.

"మేడం, లెన్సు మీద గీతలు పడతయి."

"గీతలు మీరే తెచ్చిండ్రు గదా సారూ, ఇంక కొత్తగ ఏం పడతయి?"

జీపు కంటే ముందు చేరాలని అటెండరు బైకెక్కి భాయ్ ఇంటికి బయలుదేరాను. వాళ్ల గల్లీకి రెండు కొసలు. ఒకటి మసీదు వైపు, ఒకటి బజారు వైపు. జీపు మసీదు వైపు నుంచి రావాలని ముందే మాట్లాడుకున్నాం. సాయంత్రపు ఎండ ఆ దిక్కు నుంచి వచ్చేవాళ్ల ముఖాల మీద పడుతుంది. దూరం నుంచే పట్టాలని పొడవాటి లెన్సు బిగించి, ఇంటికి కొంచెం ఇవతల నిలబడ్డాను. మేడం ఆటోలో వచ్చి, భాయ్ భార్యతో పాటు గుమ్మంలో నిలుచుంది. గల్లీలో ఎవరి చేతిలోనూ ఫోన్ లేదు. నా హుకుం అక్కడ కూడా అమలవుతున్నది.

ఆ రోజు జీపు నడిపింది అధికారి. "ఇయ్యాల మీరు వెనక కూసోండ్రి చాచా, నేను తోలుత" అని తాళంచెవి తీసుకున్నాడు. ఆ మాటకు భాయ్ కళ్లు తుడుచుకున్నాడని తర్వాత విన్నాను. అంతవరకు బాగానే ఉంది. కానీ మా అధికారికి ఆ గల్లీ తెలియదు. తిరగవలసిన మలుపు దాటిపోయాడు.

నేను మసీదు వైపు గురిపెట్టి ఊపిరి బిగబట్టి ఉండగా వీపు వెనక నుంచి గట్టిగా ఒక గొంతు వినబడింది.

"సెకండ్ గేర్ సార్! సెకండ్, సెకండ్! క్లచ్ జర నిమ్మలంగ ఇడువుండ్రి! అరె, ఫోటో సార్ ఉండు ముంగట, బ్రేక్!"

బజారు వైపు నుంచి వచ్చిన జీపు నా వెన్నును దాదాపు తాకుతూ ఆగింది. వెనుదిరిగి కెమెరా ఎత్తాను. పొడవాటి లెన్సు అంత దగ్గరి వస్తువును పట్టలేదు. అందులోంచి కనిపించింది మసకగా, జీపుకు కట్టిన దండలోని ఒక బంతిపువ్వు మాత్రమే. లెన్సు మార్చడం తప్ప దారి లేదు. పొడవాటిది ఊడదీసి చంకలో ఇరికించాను. రెండోది సంచిలోంచి తీశాను. దాని మూతను పళ్ల మధ్య పట్టుకున్నాను. కెమెరా నోరు తెరిచి ఉంది, జీపు రేపిన దుమ్ము నేరుగా సెన్సారు మీదికి పోతున్నది.

సరిగ్గా అప్పుడే అధికారి దిగి, చుట్టూ తిరిగి వచ్చి, వెనక తలుపు తీశాడు. మా కార్యాలయంలో అంతకు ముందెన్నడూ అధికారి తలుపు తీయగా డ్రైవరు దిగలేదు. భాయ్ దండ సర్దుకున్నాడు, కాలు బయటపెట్టాడు, ఫోటోకు తగినట్టు ముఖం నిలిపి నా వైపు చూశాడు.

ఆగమని చెప్పబోయాను. పళ్ల మధ్య మూత ఉండటం వల్ల నా నోటి నుంచి వెలువడిన శబ్దం మనిషి చేసేదిలా లేదు. భాయ్ ఒక్క క్షణం బిత్తరపోయి, దిగేశాడు. భార్య ఎదురొచ్చి గులాబీల దండ వేసింది. అయిపోయింది.

లెన్సు బిగించి పరుగెత్తాను. "భాయ్, ఒక్కసారి మళ్ల ఎక్కి దిగుండ్రి. ఒక్కసారే."

ఆయన సరేనని వెనుదిరిగి జీపు మెట్టు మీద కాలు పెట్టాడు. భార్య చెయ్యి పట్టి ఆపింది.

"నై సాబ్. ఇంటికొచ్చిన మనిషిని మళ్ల బండెక్కియ్యొద్దు. గిన్నేండ్లు ఎక్కింది సాలదా?"

ఆ మాటకు ఎదురు చెప్పే అర్హత ఆ గల్లీలో ఎవరికీ లేదు. భాయ్ కాలు దించాడు. నన్ను చూశాడు.

"దిగుతుంటె పడలేదా సార్?"

"పడలేదు భాయ్. హాల్ల తీసినయి గూడ ఖరాబైనయి."

ఆయన నా మీద కోపగించుకుంటాడనుకున్నాను. కోపగించుకుంటే బాగుండునని కూడా అనుకున్నాను. కాసేపు దండలోని రేకులు సర్దుకుంటూ నిలబడి, "పోనీండ్రి. లోపటికి రాండ్రి, షర్బత్ తాగుదురు" అన్నాడు. ఉద్యోగ జీవితంలో నాకు మెమోలు వచ్చాయి, మందలింపులు వచ్చాయి. వాటిలో ఏదీ ఆ షర్బత్తంత భారంగా గొంతు దిగలేదు.

గ్లాసు సగం అయ్యాక మేడం మెల్లగా అంది. "సారూ, నేనొకటి నొక్కిన. పడ్డదో లేదో ఎరికలేదు. లైటు మాత్రం మెరిసింది."

ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి కాంపాక్టు తీసింది. గుమ్మంలో నిలబడి, నా అవస్థ చూసి, ఎందుకైనా మంచిదని బయటకు తీసిందట. ఏ సెట్టింగూ మార్చలేదు, మార్చడం తెలియదు. బటను ఒక్కసారి నొక్కింది.

తెర మీద ఫోటో ఉంది. తెరిచిన తలుపు, తలుపు పట్టుకున్న అధికారి, ఒక కాలు నేల మీద, ఒక కాలు జీపులో, మెడలో దండతో భాయ్. నేను ఆయనను బిత్తరపోయాడనుకున్నాను గదా, నిజానికి ఆయన నవ్వుతున్నాడు. తల వెనక్కి వేసి, పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. జీపు నీడలో ఉండవలసిన ముఖం కాంపాక్టులోని చిన్న ఫ్లాషు వల్ల తేటగా ఉంది. నా ఫ్లాషు కార్యాలయంలో, బీరువాలో ఉంది. ఫోటోలో కుడివైపున, మూడోవంతు స్థలం ఆక్రమించి నేను ఉన్నాను. చంకలో లెన్సు, చేతిలో లెన్సు, మెడలో నోరు తెరిచిన కెమెరా, పళ్ల మధ్య నల్లటి మూత, కళ్లు బయటికి పొడుచుకొచ్చి. బొమ్మ అంతా ఎడమకు వాలి ఉంది.

భాయ్ ఆ తెర చూసి నవ్వాపుకోలేక కుర్చీలో కూలబడ్డాడు. అధికారి మర్యాద కొద్దీ కిటికీ వైపు తిరిగాడు గాని ఆయన భుజాలు కదులుతూనే ఉన్నాయి. భాయ్ భార్య కెమెరా అందుకొని, కొంగుతో తెర తుడిచి, చాలాసేపు చూసింది.

"ఆఁ, ఇప్పుడు నమ్ముత" అంది భర్తతో, "నువ్వు ఆఫీసుకే పోయినవని."

తర్వాత నేను రిపోర్టు రాశాను. మార్కుల ప్రకారం మిర్రర్‌లెస్సే గెలిచింది. అయితే పరీక్షల్లో నేను దాచిపెట్టిన ఒక సంగతిని ఈసారి చేర్చాను. మిర్రర్‌లెస్‌తో వచ్చిన జూమ్ లెన్సులోకి వెలుగు తక్కువగా వస్తుంది, కాంపాక్టు లెన్సులోకి ఎక్కువగా వస్తుంది. పెద్ద గదికి చిన్న కిటికీ, చిన్న గదికి పెద్ద కిటికీ. మూడు రెట్ల సెన్సారు ఆధిక్యం అందులో చాలామటుకు కరిగిపోతుంది. మేడం పట్టుబట్టడంతో 'హ్యాండ్‌బ్యాగులో పట్టునా' అనే వరుస కూడా చేర్చాను. అది శాస్త్రీయం కాదని పక్కన రాశాను.

అధికారి అంతా చదివి కాంపాక్టు కొన్నాడు. ఆ తర్వాత పాపన్నపేటలో జరిగిన రైతుల సభలో జనం వెనక నిలబడి తీస్తే వేదిక మీది మనుషులు గోరంత వచ్చారు. పొడవాటి లెన్సు ఉంటే ముఖాలు దక్కేవి. ఆ రోజు నేను ఎవరితోనూ ఏమీ అనలేదు. అనాలని మాత్రం చాలా ఉండింది.

కాబట్టి నా సమాధానం ఇది. దూరపు వేదికలు, ఆటలు, పక్షులు తీసేవారు, మంచి లెన్సులు కొనే స్తోమత ఉన్నవారు మిర్రర్‌లెస్ కొనండి. ఇల్లు, గల్లీ, ప్రయాణం, మనుషులు తీసేవారికి కాంపాక్టు చాలు. ఏది కొన్నా ఫోటో తీశాక అంకెలు చూసే ముందు బొమ్మ చూడండి. పక్కవాళ్ల ఫోన్లు జేబుల్లో పెట్టించకండి.

భాయ్‌కి ఇవ్వవలసిన ఫోటోను నేనే సిద్ధం చేశాను. వాలును సరిదిద్దాను. కుడివైపు మూడోవంతు కత్తిరించాను. కత్తిరించినా ప్రింటుకు చాలినన్ని పిక్సెళ్లు మిగులుతాయని లెక్కవేసి నిర్ధారించుకున్నాను. చక్కగా ఫ్రేము కట్టించి ఆదివారం ఇంటికి తీసుకుపోయాను. అధికారి, తెరిచిన తలుపు, నవ్వుతున్న భాయ్. లోపమన్నది లేదు.

ఆయన ఫ్రేమును వెలుతురుకు పట్టి చూశాడు. వెనక్కి తిప్పి చూశాడు.

"మీరేడికి పోయిండ్రు సార్?"

"కట్ చేసిన భాయ్. ఫోటో ఖరాబైతుండె."

ఆయన ఫ్రేమును నా ఒళ్లో పెట్టాడు.

"అట్లెట్ల సార్? మీరు లేకుంటె నేనెందుకు నవ్వుతున్ననో చూసినోళ్లకు ఎట్ల సమజైతది?"